కొబ్బరికాయ కొట్టని బండి

మంథని దగ్గర మా ఊళ్ళో కొత్తగా సేవా సంఘం పెట్టుకున్న రోజులవి. పురుటి మనుషులను, రోగులను మంథని దవాఖానాకు చేర్చడానికి ఒక షావుకారు సంఘానికి గూడున్న ఎడ్లబండి చేయించి ఇచ్చాడు. మర్నాడు ఆయనే వచ్చి కొబ్బరికాయ కొట్టి ప్రారంభించాలి. మేమంతా బండికి మామిడాకులు కట్టి బడి ముందు నిలబెట్టాం.

ఆ మధ్యాహ్నమే మా వదినకు కాన్పు కష్టమైంది. ఊళ్ళో బండ్లన్నీ వడ్లు వేసుకుని పెద్దపల్లికి పోయాయి. అన్న, నేను సంఘం అధ్యక్షుడైన బడిపంతులు దగ్గరికి పరుగెత్తాం.

"జర బండియ్యుండ్రి సారూ. ఎడ్లు మాయే కట్టుకుంట," అన్నాడు అన్న.

సారు బడి ముందున్న బండి వైపు చూశారు. "కొబ్బరికాయ కొట్టకముందే ఎట్లియ్యాలెరా? షావుకారు మనసు నొచ్చుకుంటే రేపు సంఘానికి ఎవలు సాయం జేస్తరు?" అన్నారు.

వదినను మంచం మీద మోసుకుపోయాం. దారిలోని వాగు దాటకముందే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

మర్నాటి ప్రారంభాన్ని సంఘం ఆపలేదు. మా ఇంట్లో ఏడుపులు విని షావుకారు సంగతేమిటని అడిగాడు. విన్నాక చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టేశాడు.

"నేను వద్దంటననుకున్నరా సారూ?"

సారు బండికి కట్టిన మామిడాకులు విప్పేశారు.

ఆ బండి తర్వాత ఎందరినో బతికించింది. సంఘం మంచిదే, సారూ మంచివారే. ఆ మాట నాకు ఏనాడూ ఓదార్పు కాలేదు. అన్న మాత్రం బతికినన్నాళ్ళూ, దాని ఎడ్ల గంటలు వినిపిస్తే లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు.