జ్యోతి మోకాలు, కోచ్ గారి మూగనోము

కోవిడ్ తరువాత పోర్ట్ బ్లెయిర్‌లో సైకిల్ ట్రాక్ మళ్లీ తెరిచిన ఏడాది. అక్కడి రైడర్లకు నేను ఫిజియోథెరపిస్టుని. జాతీయ జట్టు సెలక్షన్స్ దగ్గర పడుతుండగా, మా దీవుల్లోని రంగత్ ఊరి అమ్మాయి జ్యోతి కుంటుకుంటూ నా గదికి వచ్చింది. మా కోచ్ అప్పలరాజు సర్ చిన్నప్పుడే ఏరి తెచ్చి తయారుచేసిన పిల్ల.

“దీదీ, స్టార్ట్‌లో జోర్ పెడితే మోకాలు పోతంది. సెలక్షన్‌కి ఎల్లలేనేమో.”

వంచి చూశాను, నొక్కి చూశాను, స్కాన్ తీయించాను. మోకాలు నిక్షేపంగా ఉంది. అలాగని నొప్పి అబద్ధమూ కాదు, ఇన్నేళ్ల అనుభవంలో ఆపాటి తెలియదా నాకు! మోకాలిని వదిలేసి మనిషిని అడిగాను.

“ఎప్పట్నుంచే ఇది?”

“సర్ నా సీటు పట్టుకోడం మానేసిన కాడ్నించి,” అని భోరుమంది.

ట్రాక్ రేసులో రైడర్ రెండు పాదాలూ పెడల్స్‌కి బిగించుకుని, ఆగి ఉన్న సైకిల్ మీద కూర్చోవాలి. పడిపోకుండా వెనక సీటు పట్టుకునే మనిషిని హోల్డర్ అంటారు. జ్యోతికి ఎప్పుడూ సర్‌ గారే హోల్డర్. ఆమె మొన్నో రేసు ఓడిపోయాక ఆ పని వేరొకరికి అప్పగించి, ఆయన దూరంగా వెళ్లి నిలబడుతున్నారు. మాటలూ తగ్గించారు.

“నేనింక బేకార్ అనేసుకున్నారు దీదీ.”

నాకు ఒళ్లు మండింది. తిన్నగా ట్రాక్ దగ్గరికి పోయి సర్‌నే అడిగేశాను. ఆయన తెల్లబోయారు.

“అరే, సెలక్షన్‌లో సీటు పట్టేది కొత్తోడు కదమ్మా! నా చెయ్యి లేకుండా అలవాటవ్వాలనే తప్పుకున్నాను. దగ్గరుంటే నాకేసే చూస్తాది.”

“ఆలోచన మంచిదే సర్. ఆ ముక్క పిల్లకి చెబితే ముత్యాలు రాలిపోతాయా?”

“దానికి తెలుసనుకున్నాను,” అన్నారు నెమ్మదిగా.

ఆ సాయంత్రం అందరి ముందే ఆమెను పిలిచారు. “ఏటే, నువ్వు బేకారైతే రోజూ ఎండలో నాకేటి పని? చెప్పకపోడం నాదే గల్తీ.”

జ్యోతి ఏడుస్తూనే నవ్వింది. మర్నాటి నుంచి ఆయన మొదటి మలుపు దగ్గర, ఆమె తలెత్తితే కనబడేలా నిలబడ్డారు. నొప్పి మెల్లగా తగ్గింది. సెలక్షన్ రోజు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సీటు పట్టుకున్నాడు. పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. జట్టులోకి వచ్చింది.

పరుగెత్తుకెళ్లి, “మోకాలెలా ఉందే?” అన్నాను.

“ఏ మోకాలు దీదీ?”

ఒంటికి తగిలే దెబ్బ మాటతో, మౌనంతో కూడా తగులుతుందని నాకు నేర్పింది జ్యోతే. ఇప్పుడు ఎవరు నొప్పంటూ వచ్చినా, స్కాన్‌కి రాసేముందు ఒకటి అడుగుతాను: “మీ సర్‌తో మాటలున్నాయా?”