పంపు మూతికి పెట్టని మంట

పరిశుద్ధత అన్న మాటను నాకు మొదట నేర్పింది మా అవ్వ. ఉదయగిరిలో మా చిన్న చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పిస్తూ, హెబ్రీ లేఖనాల్లోని ఒక సంగతి చెప్పేది. బండిని లాగే ఎద్దులు తూలినప్పుడు, దాని మీదున్న దేవుని మందసం, అంటే పవిత్రమైన పెట్టె, పడిపోతుందేమోనని ఒకడు చెయ్యి చాపి పట్టుకున్నాడు; అక్కడికక్కడే చనిపోయాడు. దేవునికి ఎంత దూరంగా ఉంటే అంత క్షేమమని నాకు అర్థమైంది. నలభై దాటినా ఆ లెక్క మారలేదు.

ఆత్మకూరులో నా ఉద్యోగం తాగునీటి పరీక్ష. చేతిపంపు నుంచి నీరు పట్టే ముందు, స్పిరిట్‌లో తడిపిన దూదిని పట్టకారుతో పట్టుకుని వెలిగించి, పంపు మూతిని ఒక నిమిషం కాల్చాలి. లేకపోతే మూతికున్న మురికి సీసాలో చేరి, తప్పు నీటి మీద పడుతుంది. పోయిన వేసవిలో, సీతారామపురం అవతల ఒక పల్లెలో, గాలికి నాలుగు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. ఐదోది గీయలేదు. జేబురుమాలుతో మూతి తుడిచి సీసా నింపాను. రెండు రోజులకు సీసా నల్లబడింది. అంటే నీటిలో క్రిములున్నట్టు. తాగడానికి పనికిరాదని రాశాను. పంపు మూతికి గోనెసంచి కట్టారు. ఆ ఊరి ఆడవాళ్ళు కిలోమీటరు అవతలి పొలం బావికి నడవసాగారు.

మంట పెట్టలేదన్న సంగతి నాకొక్కడికే తెలుసు. సీసా నిజమే చెప్పి ఉండవచ్చునని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వారం గడిపాను.

శనివారం ఉదయం, మరుసటి వారం చర్చిలో దేవుని పరిశుద్ధత గురించి మాట్లాడవలసి ఉండి, కాగితం రాసుకుంటున్నాను. అవే లేఖనాల్లో ఒక ప్రవక్త చూసిన దర్శనం దగ్గరికి వచ్చాను. ఎత్తైన సింహాసనం, మందిరమంతా పొగ, అదిరే గడపలు, పరిశుద్ధుడని ముమ్మారు ఎలుగెత్తే దూతలు. అది చూసినవాడి నోట స్తుతి రాలేదు. తాను నశించానన్నాడు, తన పెదవులు అపవిత్రమైనవన్నాడు. అప్పుడొక దూత బలిపీఠం మీది నిప్పును పట్టకారుతో తెచ్చి, ఆ పెదవులకే తాకించాడు. ఎన్నోసార్లు చదివిన చోటే. ఈసారి కలం ముందుకు సాగలేదు. ఆ నిప్పు చంపడానికి రాలేదు. మలినం ఎక్కడుందని అతను ఒప్పుకున్నాడో సరిగ్గా అక్కడికే వచ్చింది.

సోమవారం జీపు తీయమన్నాను. డ్రైవరు ఉదయగిరి సాయిబు, పదేళ్ళుగా నాతో తిరుగుతున్నవాడు. దారిలో నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు.

"ఆఫీసులో చెప్పినారా సార్?"

"పొద్దున్నే చెప్పినాను. మళ్ళా పరీక్ష చేసి, కారణం రాసి సంతకం పెట్టమన్నారు."

పంపు పక్క ఇంటామె అప్పుడే బావి నుంచి వచ్చి బిందె దించింది.

"ఏంది సార్, మా బోరింగుకి రోగం తగ్గినాదా?"

"రోగం దానికి ఉండాదో లేదో తెలీదమ్మా. ఆ రోజు మూతి కాల్చకుండానే నీళ్ళు పట్టినాను. తప్పు నాది."

"అయితే ఇన్నాళ్ళూ మా నడుములు ఇరిగింది నీ అగ్గిపుల్ల కోసరమా?"

దూదిని స్పిరిట్‌లో తడిపి పట్టకారుతో పట్టుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి చేట తెచ్చి, గాలికి అడ్డం పెట్టింది.

"కానీ. ఈసారన్నా సక్కంగా ఎలిగించు."

మొదటి పుల్లకే అంటుకుంది. నిమిషం నిండేదాకా గడియారం మీంచి చూపు తిప్పలేదు. తర్వాత నీరు కొంతసేపు పోనిచ్చి, రెండు సీసాలు పట్టాను.

"నీళ్ళ సంగతి ఎల్లుండి తెలస్తాది గానీ, మీ మొగం అప్పుడే తేటపడినాది సార్," అన్నాడు డ్రైవరు, తిరుగు దారిలో.

బుధవారం రెండు సీసాలూ రంగు మారలేదు. రిజిస్టరులో పాత ఫలితం పక్కన నా తప్పు రాసి సంతకం చేశాను. చర్చి కోసం రాసిన కాగితంలో, అవ్వ చెప్పిన మరణాన్ని కొట్టివేయకుండా, దాని కింద ఆ నిప్పును కూడా చేర్చాను.

గురువారం గోనెసంచి విప్పాం. ఆడవాళ్ళు బిందెలతో చుట్టూ చేరారు. ఆ ఇంటామె పంపు కొడుతూ, "ముందు నువ్వు తాగు. మేం ఎనక పట్టుకుంటాం," అంది.

వంగి, దోసిలి పట్టి, కడుపునిండా తాగాను.