రెండు బారలు, మూడు మూరలు

ఆ రోజుల్లో మా విశాఖపట్నంలో అప్పు పుట్టడం తేలిక, అప్పున్నవాడికి అద్దె ఇల్లు పుట్టడమే కష్టం. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పొద్దుట బళ్ళో పిల్లల చేత వల్లె వేయించి, సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో షావుకారు చెప్పులు కనిపించేవి. నీతిపద్యాలు రాసినవాళ్ళెవరూ చేపల రేవులో మరబోటు కొని ఉండరని నాకు అప్పుడే అర్థమైంది. ఇరవై ఏడేళ్ళ వయసులో, నెత్తి మీద అంత అప్పు ఉండగా, నేను ఇల్లెలా కొన్నానని ఇప్పుడు ఎవరైనా అడిగితే గొప్పగానే చెప్పుకుంటాను. చెప్పుకోకుండా దాటేసే ముక్క ఒకటుంది. ఈసారి అది కూడా చెబుతాను.

నాది గాజువాక వైపు మునిసిపల్ బడిలో టీచరు ఉద్యోగం. సముద్రం ఒడ్డున మా పేటలో నెల జీతం తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని నేనే (ఈ సంగతి నేను చెప్పకపోయినా, చేపల గంపతో ఇల్లిల్లూ తిరిగే మా అమ్మ ఊరంతా చెప్పింది). మా ఆయన మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావా అనే పిలిచాను, తర్వాతా బావా అనే పిలిచాను, కాబట్టి ఇక్కడా బావ అనే రాస్తాను. పెళ్ళయిన రెండో ఏడు బావ అప్పు చేసి మరబోటు కొన్నాడు. మూడో ఏడు గాలివానకి అది లంగరు తెంపుకుని రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది. బోటు పోయింది కానీ అప్పు చెక్కు చెదరలేదు. అసలూ వడ్డీ కలిసి ఐదు లక్షలు దాటింది, నా జీతమేమో ఆరు వేల చిల్లర. బావ పరాయి బోట్లలో కళాసీగా వలలు లాగుతూ, వచ్చిన కూలిలో సగం షావుకారు చేతిలో పోసేవాడు. అప్పులవాళ్ళు వచ్చిపోయే కొంప మాకొద్దంటూ ఇంటివాళ్ళు ఖాళీ చేయిస్తుంటే రెండేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాం. నాలుగోసారి సామాను రిక్షాలో ఎక్కిస్తుండగా నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇక ఎవరూ పొమ్మనలేని ఇల్లు కావాలని అక్కడే, రిక్షా పక్కన నిలబడే తీర్మానించుకున్నాను.

అప్పుడే స్టీలుప్లాంటు ఉద్యోగుల పుణ్యమా అని గాజువాక చుట్టుపక్కల అపార్టుమెంట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. వాటిల్లో ఒకదాని రెండో అంతస్తులో ఓ ఫ్లాటు చూశాను. కట్టినాయన ఎర్రటి ఎండలో కూడా మొహానికి పౌడరు చెదరనిచ్చేవాడు కాదు, అందుకని మేము పౌడరు బిల్డరు అనేవాళ్ళం. అమ్మ గొలుసూ నా గాజులూ అమ్మి ఆయనకి అడ్వాన్సు ఇచ్చాను. రెండు నెలల్లో బ్యాంకు లోను రాకపోతే అడ్వాన్సు వాపసు ఉండదని ఆయన నవ్వుతూనే చెప్పాడు. లోను నా జీతం మీదే, నా ఒక్కదాని పేరు మీదే. బావ అప్పుల సంగతి మేనేజరు చెవిన పడితే కథ కంచికేనని నా భయం. అందుకని మీవారేం చేస్తారని మేనేజరు గారు అడిగినప్పుడు, "సముద్ర ఉత్పత్తుల వ్యాపారం అండీ" అన్నాను. ఆయన ఎంతో గౌరవంగా రాసుకున్నారు. ఇంటికొచ్చి నా తెలివి చూడమని బావకి చెబితే, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "సేపలు అంటే సరిపోద్ది కదే" అన్నాడు.

లోను ఇచ్చే ముందు మేనేజరు గారు స్వయంగా ఫ్లాటు చూడ్డానికి వస్తానన్నారు. ఆ వేళ బావని రేవు దాటి రావద్దని ముందురోజే ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాను. "నువ్వొస్తే నోరిప్పుతావు, నోరిప్పితే అప్పు బయటపడతాది" అన్నాను. "నానెందుకొత్తానే, ఏటకి ఎల్తన్నాను కదా" అన్నాడు. నేను గంజి పెట్టిన కాటన్ చీర కట్టి, చేతిలో ఫైలు పట్టుకుని, నలుగురు పిల్లల్ని కొట్టి వచ్చిన హెడ్మాస్టరులా నిలబడ్డాను. మేనేజరు గారు గోడలు తట్టి చూస్తున్నారు. పౌడరు బిల్డరు కిటికీలోంచి స్టీలుప్లాంటు పొగగొట్టాలు చూపించి, వ్యూ బాగుంటుందని చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడు మెట్ల మీంచి చేపల వాసన ముందు వచ్చింది, దాని వెనక బావ వచ్చాడు. ఎగ్గట్టిన లుంగీ, ఉప్పు పట్టిన జుట్టు, చేతిలో నీళ్ళోడుతున్న సంచి. ఆ తెల్లారి బోటుకి మంచి కోనెం చేపలు పడ్డాయట, మేనేజరు గారికి ఒకటి ఇస్తే బాగుంటుందని సరాసరి రేవు నుంచి బస్సెక్కి వచ్చేశాడు.

"ఎవరమ్మా ఇతను?" అన్నారు మేనేజరు గారు.

"మా పేట మనిషండీ, చేపలు తెస్తుంటాడు" అన్నాను.

ఇదే నేను దాటేసే ముక్క. బావ నా మొహం వంక ఒక్కసారి చూశాడు. కోపం రాలేదు. కొంచెం ఆలోచించి, సంచి గోడవారన దించి, "అవునండి, అమ్మగోరి పేట మనిసిని" అన్నాడు. నాకు మూడుముళ్ళు వేసినవాడు నన్ను అమ్మగోరు అంటుంటే విని కూడా నేను ఫైలు సర్దుకున్నాను. సిగ్గు లేదా అని అడక్కండి, అప్పుడు నా కళ్ళకి ఇల్లొక్కటే కనిపిస్తోంది.

పోనీ వచ్చినవాడు వచ్చిన దారిన పోయాడా అంటే, అదీ లేదు. రేవు మనుషులకి ఖాళీగా నిలబడటం చేతకాదు. తాడు కనపడినా గోడ కనపడినా చేతులు చాపి కొలుస్తారు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒక బార, అందులో నాలుగోవంతు మూర. బావ బార కచ్చితంగా ఆరడుగులు, అందుకే పేటలో వలతాడు కొలవాలంటే టేపు కోసం వెతక్కుండా బావ కోసమే వెతికేవారు. మేము వంటగది చూసి వచ్చేసరికి బావ హాలు గోడని కావలించుకుని ఉన్నాడు. చెంప గోడకి ఆనించి, ఒక వేలు చోటు తప్పకుండా పెట్టి, పక్కకి జరిగి మళ్ళీ చేతులు చాపుతున్నాడు.

"ఏటిది, సున్నం అంటుకుంటాది, జరుగు" అన్నాడు బిల్డరు.

"ఊరికినే కొలత్తన్నానండి" అని, నా వైపు తిరిగి, "కాయితంలో ఈ హాలు పొడుగెంత రాసారు అమ్మగోరూ?" అన్నాడు.

"పద్దెనిమిది అడుగులు" అన్నాను.

"అయితే మూడు బారలుండాల. రెండు బారలు, మూడు మూరలే ఉంది. మూర తగ్గిపోనాది."

బిల్డరు పెద్దగా నవ్వి, చేతులతో కొలవడానికి ఇదేమైనా మల్లెపూల దండా అన్నాడు. మేనేజరు గారు నవ్వలేదు. టేపు తెప్పించమన్నారు. టేపు ఆఫీసులో ఉండిపోయిందన్నాడు బిల్డరు. కింద మేస్త్రీ దగ్గరుందని బావే దిగి వెళ్ళి తెచ్చాడు. కొలిస్తే పదహారున్నర అడుగులు, అంగుళం అటూ ఇటూ లేదు. నాకు మూర తక్కువ, అదీ గది వెడల్పంతా. బిల్డరు మొహం మీద పౌడరు మొదటిసారి కరిగింది. పక్క ఫ్లాటాయన పూజగది కావాలంటే గోడ కాస్త జరిపానని, దేవుడి పని కదా అని కాదనలేకపోయానని గొణిగాడు. "దేవుడికి జాగా ఇచ్చారు సరే, దాని డబ్బు ఈవిడ దగ్గర వసూలు చేశారే" అన్నారు మేనేజరు గారు.

తర్వాత ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఇందాక ఇతను ఎవరన్నారు?" అని మళ్ళీ అడిగారు. బావ నోరు తెరవబోయాడు. ఈసారి ఆ మాట అతని చేత అనిపించడం నా వల్ల కాలేదు. "మా ఆయనండీ" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. "వ్యాపారం లేదండీ, ఏమీ లేదు. పరాయి బోట్లో కళాసీ. సొంత బోటు గాలివానకి పోయింది. ఐదు లక్షలు అప్పుంది. నేనే దాచాను, ఆయన దాచమనలేదు." అంతా ఒక్క గుక్కలో అనేసి, పోయిన గొలుసునీ గాజుల్నీ తలుచుకుంటూ నిలబడ్డాను.

"ఐదు లచ్చల పన్నెండు వేలండి" అన్నాడు బావ, లెక్క తప్పకూడదని.

మేనేజరు గారు నా చేతిలో ఫైలు తీసుకుని జీతం కాగితాలు మళ్ళీ ఒక్కొక్కటే తిరగేశారు. నాకు ఆ కాసేపట్లో ఐదో ఇంటి కోసం రిక్షా మాట్లాడుకోవడం కూడా అయిపోయింది. చివరికి ఆయన, "అమ్మా, లోను మీ జీతం మీద ఇస్తున్నాను, అది సరిపోతుంది. అప్పులవాళ్ళు ఇంటి మీదకి రాకుండా, కాగితాల్లో మీవారి పేరు ఎక్కడా రానివ్వకండి. రిజిస్ట్రేషన్ అయ్యేలోపు ప్రతి గదీ మాత్రం ఆయన చేతే కొలిపించండి" అన్నారు. కోనెం తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవన్నారు కానీ, మెట్లు దిగేదాకా ఆ సంచి వంక చూస్తూనే ఉన్నారు పాపం.

తిరుగు బస్సులో ఆ సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. గంజి చీర తడిసి ముద్దయింది. "బావా, తప్పు సేసినాను" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, "తప్పేటుందే. పేట మనిసినే కదా నాను. నువ్వు అబద్దం సెప్పనేదు" అన్నాడు. వెనక సీటావిడ చేప ఎంతకి అమ్ముతావని అడిగింది. ఇది అమ్మేది కాదమ్మా, మా ఆయన తెచ్చాడని కాస్త గట్టిగానే చెప్పాను.

బిల్డరు ధరలో తగ్గించిన మూర డబ్బుతో రిజిస్ట్రేషన్ ఖర్చు గట్టెక్కింది. ఈ కబురు తెలిసి ఆ అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవాళ్ళంతా బావ కోసం రేవుకి వెళ్ళారు. ఆ నెలలో అక్కడ బావ కావలించుకోని గోడ లేదు. బావ లుంగీ గేటు దగ్గర కనిపిస్తే బిల్డరు వెనక మెట్ల నుంచి దిగిపోయేవాడు. ఏడేళ్ళ తర్వాత షావుకారుకి ఆఖరి వాయిదా ఇచ్చిన రోజున, ఇంటి కాగితాల్లో నీ పేరు కూడా రాయిద్దాం బావా అన్నాను. "గోడలకి తెలుసులే" అని, కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

మొన్న హాల్లో నేల మీద పరవడానికి మ్యాటు కొందామనుకున్నాం. పొడుగెంతో సూత్తానుండు అని బావ లేచి గోడకి చెంప ఆనించాడు. ఇన్నేళ్ళూ వలలు లాగిన భుజాలు, కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు, పూర్తిగా చాపడం కుదరదు. మెల్లగా జరుగుతూ, వేలు చోటు తప్పకుండా పెడుతూ కొలిచాడు. సరిగ్గా మూడు బారలు వచ్చింది. ఇంకోసారి కొలిచాడు, మళ్ళీ మూడే వచ్చింది.

"ఏటే ఇది" అన్నాడు, గోడ వంకా తన చేతుల వంకా చూసుకుంటూ. "ఆ పౌడరోడు నిజమే సెప్పినాడేటి? ఆయన్ని అన్యాయంగా అన్నామేటో."

టేపు కుట్టుమిషను సొరుగులో ఉంది. నేను సొరుగు తియ్యలేదు. "ఏమో బావా, ఆ రోజు టేపు నానే సరిగ్గా సూడనేదు" అన్నాను. షాపులో మ్యాటు మాత్రం పదహారున్నర అడుగులకే కోయించాను.