మైనపు గుడ్డ గులాబీలు

అగ్నేటే వంటగదిలో ఒక బీరువా ఉండేది. అందులో పళ్ళేలు ఉండేవి కావు. నీలం అర, ఆకుపచ్చ అర, ఎరుపు అర, అన్నిటికన్నా అడుగున ఏ రంగో తేలనివాటికి ఇంకో అర. నీలం అరలో ఊలు ముక్క, గోడకాగితం చివర, బొత్తాములు, రిబ్బను, ఎప్పుడో పగిలిన పింగాణీ గిన్నె పెంకు అన్నీ కలిసే ఉండేవి. ఊలు ఒకచోట, కాగితం ఒకచోట పెట్టుకుంటే వెతుక్కోవడం తేలిక కదా అని ఒకసారి అడిగాను.

"నేను ఊలు వెతకను, హోల్గర్. నీలం వెతుకుతాను" అంది.

డెన్మార్క్‌లో స్వెండ్‌బోర్గ్ రేవుకి పైన ఉన్న ఎర్ర ఇటుకల భవనంలో మేమిద్దరం ఒకే మెట్ల వరస వాళ్ళం. ఆమె కింద, నేను ఆమె పైన. పుస్తకాలు చదువుకునే మనిషికి కింది ఇంట్లో కత్తెర చప్పుడు ఇబ్బంది కాదు. ఆ చప్పుడు ఆగిపోయినప్పుడే నేను పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి.

ఆమె తండ్రి చేపల వలలు బాగుచేసేవాడు. తెగిన వలని పారేయవచ్చన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దయ్యాక ఆమె పరదాల దుకాణంలో చేరి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. గుడ్డ చుట్ట చివర మిగిలిన ముక్క ఏ కిటికీకీ సరిపోకపోతే అది ఆమెతో ఇంటికి వచ్చేది. పెళ్ళి చేసుకుంది, కొన్నేళ్ళకే విడిపోయింది. ఆ సంగతి అడిగితే "ఆ గుడ్డ పొట్టిదైంది" అని నవ్వి ఊరుకునేది.

చేసినవన్నీ అందంగా ఉండేవని అనను. గుడ్ల అట్టపెట్టెతో చేసిన గుడ్లగూబ ఒకటి మెట్ల మలుపులో చాలాకాలం కూర్చుంది. "దాన్ని చూసిన దగ్గర్నుంచీ మా పిల్లి మెట్లెక్కడం మానేసిందే, అగ్నేటే" అని మూడో అంతస్తు లిస్సి ఎప్పుడూ దెప్పేది. "మీ పిల్లికి కళ పట్టదు, నీలాగే" అని అగ్నేటే జవాబు. కానీ నా చదువుకునే కుర్చీ పక్కన దీపానికి ఆమె చేసిన తొడుగు సంగతి వేరు. ఈ మెట్ల మీది ఇళ్ళ గోడకాగితాల చివర్లు పక్కపక్కన పేర్చి, అతుకులు దాచకుండా కుట్టింది. అతుకు దాస్తే ముక్క సిగ్గుపడినట్టు ఉంటుందని ఆమె లెక్క. చుట్టుపక్కల వాళ్ళందరి గోడలూ వెలిగి నా పేజీ మీద పడేవి.

మా దగ్గర పెళ్ళయిన పాతికేళ్ళకీ యాభయ్యేళ్ళకీ ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇంటి గుమ్మానికి తోరణం కడతారు. చెక్క బద్దల చట్రం, దాని నిండా క్రిస్మస్ చెట్టు రెమ్మలు, రెమ్మల మధ్య కాగితం గులాబీలు, పైన ఎన్నేళ్ళో చెప్పే అంకె. తెల్లవారకముందే కట్టి, బయట నిలబడి ట్రంపెట్ ఊది పాట పాడాలి. లోపలి దంపతులు ఏమీ తెలియనట్టు పడుకుని ఉండి, చప్పుడు విని ఇంటి బట్టల్లోనే ఉలిక్కిపడి బయటికి రావాలి. ఆ ఉలికిపాటు ఎవరూ నమ్మరు, అయినా అది లేకపోతే ఎవరూ ఒప్పుకోరు.

మా మెట్ల మీద చట్రం ఎప్పుడూ లిస్సి భర్త ఐనార్ చేసేవాడు. అతను వడ్రంగి. రెమ్మలు అడవి నుంచి అతనే తెచ్చేవాడు. గులాబీలు అగ్నేటేవి. "నీ పూలు నా బద్దల మీద బరువు" అని అతను, "నీ బద్దలు నా పూలకి సిగ్గు" అని ఆమె, ఎవరి తోరణమైనా ఇదే తగువు.

తర్వాత ఐనార్‌కి మతిమరుపు వచ్చింది. మొదట తాళంచెవులు, ఆ తర్వాత వీధులు, ఆపైన రోజులు. చివరికి ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో చేర్చక తప్పలేదు. లిస్సి రోజూ బస్సెక్కి వెళ్ళివచ్చేది.

ఒక అక్టోబరు మధ్యాహ్నం ఆమె అగ్నేటే వంటగదిలో కాఫీ ముందు కూర్చుని ఉంది. నేనూ ఉన్నాను.

"వచ్చే నెలకి మాకు యాభయ్యేళ్ళు" అంది లిస్సి. "ఆయనకి రోజులు తెలియవు. నేనెవరో కూడా ఒక్కోరోజు తెలియదు. కానీ తోరణం అంటే ఏమిటో మర్చిపోడు. ఆ ఒక్క పొద్దున నా పక్కన నడిచి గుమ్మం దాటి బయటికొస్తే చాలు. ఇంకేమీ అడగను."

"కడదాం" అంది అగ్నేటే.

"ఏ గుమ్మానికే? నేనిక్కడ, ఆయనక్కడ."

"ఆయన ఉన్న గుమ్మానికి. ముందురోజు సాయంత్రం నువ్వెళ్ళి అక్కడే పడుకో. పెళ్ళికూతురివి, ఎక్కడ పడుకోవాలో నేను చెప్పాలా?"

లిస్సి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

అగ్నేటే, నేనూ వెళ్ళి అడిగాం. ఆశ్రమం చూసుకునే మెరేటే మంచి పిల్ల. నడవాలో ఏమీ కట్టనివ్వలేనని, మంటలొస్తే మనుషులు బయటపడే దారి అదేనని చెప్పింది. అయితే ఐనార్ గదికి తోటలోకి తెరుచుకునే తలుపు ఉంది, దానికి కట్టుకోమంది. "కానీ ఒకటుంది. పోయిన నెల ఆయన పుట్టినరోజుకి మేమందరం ఒకేసారి గదిలోకి వెళ్ళి పాడితే బెదిరిపోయాడు. ట్రే తోసేశాడు. ఆ పొద్దున కూడా బెదిరితే నేను తలుపు మూసేస్తాను. మీరేమీ అనుకోకూడదు."

"అనుకోం" అంది అగ్నేటే.

చట్రం నా వంతు పడింది. భవనం కింది గదిలో ఐనార్ బద్దలు ఇంకా ఉన్నాయి. అడవి నుంచి రెమ్మలు తెచ్చే దారి మాకెవరికీ తెలియదు. ఆ లోటు అగ్నేటే ఆకుపచ్చ అరతో తీరింది. ఒకప్పుడు మా బాల్కనీ కమ్మీలకి గాలి ఆపడానికి ఆకుపచ్చ కాన్వాసు గుడ్డ కట్టేవారు. అది మార్చినప్పుడు చివర్లన్నీ ఆమె దాచింది. వాటిని సన్నగా చీల్చి తాడుకి ముడివేస్తే, కొంచెం దూరం నుంచి అచ్చం రెమ్మలే. గులాబీలు మాత్రం ఎప్పటిలాగే ముడతల కాగితంతో, ఎరుపూ తెలుపూ, మా జెండా రంగులు. నెలంతా చేసింది. చేసి పరుపు మీద, స్నానాల గది తీగ మీద, గుడ్లగూబ నెత్తి మీద కూడా పెట్టింది.

పెళ్ళిరోజుకి రెండు రోజుల ముందు సైకిళ్ళ షెడ్డు గోడకి చట్రం ఆనించి, పూలన్నీ కట్టి చూసుకున్నాం. చాలా బాగుంది. లోపలికెళ్ళి కాఫీ తాగి వచ్చాం. ఆ కాసేపట్లో నవంబరు తుంపర పడింది. పెద్ద వానేమీ కాదు, మా ఊళ్ళో దానికి గొడుగు కూడా తెరవరు. ఎరుపంతా కారి తెలుపులోకి దిగింది. పూలు తడిసిన రొట్టెల్లా వేలాడుతున్నాయి.

ఇన్నేళ్ళూ మేం కట్టిన తోరణాలన్నీ మెట్ల గుమ్మానికే. ఆ గుమ్మానికి చూరు ఉంది. గులాబీ తడుస్తుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టనే లేదు. తోట తలుపు మీద చూరు లేదు.

అగ్నేటే ఒక గులాబీని వేళ్ళతో పిండింది. ఎర్రనీళ్ళు కారాయి. ఆమెని అంత నిస్సత్తువగా నేనెప్పుడూ చూడలేదు.

"కొట్లో ప్లాస్టిక్ పూలు దొరుకుతాయి" అన్నాను.

"ఐనార్ నా పూలని తిడుతూ వచ్చాడు, ఇన్నేళ్ళూ" అంది. "కొట్లో పూలు పెడితే ఎవరివని తిడతాడు?"

లోపలికెళ్ళి కాసేపు తన వంటబల్ల ముందు కూర్చుని బల్ల మీద చేయి రాస్తూ ఉండిపోయింది. తర్వాత దాని మీద పరిచిన గుడ్డ అంచు పట్టుకుని వంచి చూసింది. పువ్వుల బొమ్మలున్న మైనపు గుడ్డ. మా అందరి వంటబల్లల మీదా అదే ఉంటుంది, నీళ్ళు పడితే తుడిచేస్తాం.

"పైకెళ్ళి అందరినీ అడుగు" అంది. "పాతవి ఎవరూ పారేయరు. చలికాలం గుమ్మం ముందు బూట్ల కింద పరుస్తారు. ఎరుపూ తెలుపూ మాత్రమే తే. నారింజ తెచ్చావంటే మెట్ల మీదనుంచి తోస్తా."

నేను తలుపు తలుపూ తట్టాను. గళ్ళవి, చుక్కలవి, చెర్రీపండ్ల బొమ్మలవి, వేడి గిన్నె పెట్టి కాలినవి, అన్నీ చంకనపెట్టుకుని దిగాను. ఆమె కత్తిరించడం మొదలుపెట్టింది. మైనపు గుడ్డ అంచు పీచులు లేవదు కాబట్టి మడిచి కుట్టక్కర్లేదు. జిగురు దానికి అంటదు, అందుకని తీగతో బిగించాలి. కెటిల్ ఆవిరి మీద ఒక్క క్షణం పట్టుకుంటే రేకు అంచు తనంతట తనే వెనక్కి ఒంగుతుంది. వెనకవైపు నూలు తడి పీల్చకుండా రెండేసి రేకులు వీపు వీపు కలిపింది. ఇవన్నీ ఆమెకి ముందే తెలుసని నేననుకోను. మొదటి పువ్వు క్యాబేజీలా వచ్చింది. రెండోది కొంచెం మేలు. కాలిన మచ్చ ఉన్న ముక్కని నేను పక్కన పెడితే లాక్కుంది. "మచ్చ పువ్వు నడిమధ్యకి పోతుంది. అక్కడ నలుపు కావాలి కదా."

మర్నాడంతా ఆమె వేళ్ళు ఆగలేదు. బొటనవేలు తీగకి తెగితే గుడ్డ చుట్టుకుని, మళ్ళీ కెటిల్ పెట్టింది. నేను పక్కన కూర్చుని తీగ ముక్కలు చేసిచ్చాను. చదవడానికి పుస్తకం తెచ్చుకున్నాను కానీ తెరవలేదు. ఆమె చేతుల్లో వంటబల్ల పువ్వవడం చూస్తూ ఉండిపోయాను.

పెళ్ళిరోజు తెల్లవారుజామున తోటలో చీకటి, వాన. మెట్ల వాళ్ళందరం గొడుగుల కింద గుసగుసలాడుతూ చట్రం నిలబెట్టాం. పూల మీద నీళ్ళు పూసల్లా నిలిచి జారిపోతున్నాయి. రంగు కదల్లేదు.

"పాట మెల్లగా" అంది అగ్నేటే అందరివైపూ తిరిగి. "ట్రంపెట్ వద్దు. నేను చేయి ఎత్తేదాకా వద్దు."

"ట్రంపెట్ లేకుండా తోరణం ఏంటి?" అని ట్రంపెట్ తెచ్చినాయన గొణిగాడు.

"నోరు మూసుకుని పెదాలు వెచ్చగా ఉంచుకో."

మెల్లగా పాడాం. తలుపు తెరుచుకుంది. లిస్సి నీలం డ్రెస్సింగ్ గౌనులో, జుట్టు ముడి వేసుకుని ఉంది. పక్కన ఐనార్, చారల పైజమా మీద ఊలు కోటు. వెనక మెరేటే చేయి తలుపు పిడి మీదే ఉంది.

ఐనార్ మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. నోరు బిగిసింది. ఒకడుగు వెనక్కి వేశాడు. పాట మా గొంతుల్లో పలచబడింది. మెరేటే పిడి తిప్పడం నాకు కనిపించింది. అతని చేయి గాలిలో తడుముకుంటూ చట్రం బద్దకి తగిలి, అక్కడే ఆగింది. వేళ్ళు మూల దాకా వెళ్ళాయి. మేకు తల మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఇది ఎవరు కొట్టారు?"

"నేనే" అన్నాను.

"నిలువు బద్దకి బయటినుంచి కొట్టావు. గాలొస్తే పడుతుంది. సుత్తి తే."

పాట ఆగిపోయింది. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఐనార్ తల ఎత్తి పైకి చూశాడు, పువ్వుని పట్టుకుని వంచాడు. "ఇంత బరువా? అగ్నేటేవే ఇవి. వేరే ఎవరూ ఇంత బరువు పూలు చేయరు."

"నీ బద్దలకి సిగ్గుగా ఉందా?" అంది అగ్నేటే.

"సుత్తి తే" అన్నాడు మళ్ళీ. "వాళ్ళు బయటికి వచ్చేలోగా సరిచేద్దాం. ఎవరి తోరణం ఇది?"

లిస్సి అతని మోచేయి పట్టుకుంది.

"మనదే, ఐనార్."

"మనదా?" అతను అంకె వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు, చాలాసేపు. "అందుకా జుట్టు ముడి వేసుకున్నావు?"

"అందుకే."

"మరి చెప్పవే? పెళ్ళికొడుకు సుత్తి పట్టుకోకూడదు."

ఆమె చేయి తన చేతికింద గట్టిగా ఇరికించుకున్నాడు. ఇద్దరూ వంగి, తడి పూల కిందినుంచి తోటలోకి అడుగుపెట్టారు. అప్పుడు అగ్నేటే గుడ్డ చుట్టిన చేయి ఎత్తింది. ట్రంపెట్ మోగింది, అతను ఉలిక్కిపడ్డాడు. ఈసారి మాత్రం ఆ ఉలికిపాటు మేమందరం నమ్మాం.