నిలబడి కొన్న వల

ఇరవై ఏళ్ల కిందట విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాను. గవర్నర్‌పేటలో అప్పుడే కొన్న చేతివల నా ఒళ్లో ఉంది. దోనెలో కూర్చుని గాలం వేసే సరదా నాది. పడ్డ చేపను పైకెత్తడానికి ఆ వల. పొడవాటి కర్ర చూసి ముచ్చటపడి కొన్నాను.

పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన లుంగీ కుళ్లిన రొయ్యల కంపు కొడుతోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

"ఏ పడవలోకండీ ఇది?"

"చిన్న దోనె," అన్నాను రుమాలు తీయకుండానే.

ఆయన వల తీసుకుని, ఉమ్ములూ వేరుశనగ తొక్కలూ ఉన్న బస్సు నేల మీదే చతికిలబడ్డాడు. దోనెలో ఉన్నట్టు మోకాళ్లు ముడిచి, లేని చేపను వలతో దగ్గరికి లాక్కోబోయాడు. కర్ర చివర వెనక సీటుకు కొట్టుకుని ఆగిపోయింది.

"కూర్చుని వాడేదాన్ని నిలబడి కొన్నారండీ," అని నవ్వాడు. అప్పుడు నా రుమాలు చూశాడు. "వాసనొస్తన్నట్టుంది, నేను వెనక్కెళ్తాలెండి."

మర్నాడు కర్ర దోనె అంచుకు అలాగే తట్టుకుని పండుగప్ప చేప జారిపోయింది. ఆ కంపు ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తులేదు. రుమాలు వెనక ఉన్న నా మొహం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ రోత పుడుతుంది.