చలిగా ఉందన్నారు ఆవిడ

హీటరు వెయ్యకపోవడం కూడా ఒక పాపమేనా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. నేనూ ఇన్నేళ్ళుగా నవ్వి తీసిపారేద్దామనే చూశాను. కుదరలేదు. గుండెల మీద బరువు అలాగే కూర్చుంది. మా ఆయనకు చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది సిడ్నీ శివార్లలో, కెల్లీవిల్‌లో. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది, బ్లూ మౌంటెన్స్‌లో పెద్దవాళ్ళ కోసం ఒక శిబిరం పెడుతున్నారని లైబ్రరీలో కాగితం చూశాను. నాలుగు రోజులు అక్కడే ఉండి యూదుల పండుగలు, పాటలు, వంటలు, లిపి నేర్చుకోవడం. ఎవరైనా రావచ్చు. పెండిల్ హిల్‌లో మన సరుకుల కొట్లో కనబడ్డ స్నేహితురాలు, మన గీత క్లాసులకు రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటావు, వాళ్ళ క్లాసులకు కొండలెక్కి పోతావా అని దెప్పింది. మా అమ్మాయి మాత్రం, "జస్ట్ గో, అమ్మా. ఇంట్లో ఉంటే నాన్న మీద అరుస్తూ కూర్చుంటావ్," అంది. అదీ నిజమే. వెళ్ళాను.

గదికి ఇద్దరు. నాతో పడినావిడ పేరు రూత్. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, సన్నగా దగ్గు, నోరు తెరిస్తే చమత్కారం. మొదటిరోజే కలిసిపోయాం. శుక్రవారం మధ్యాహ్నం నేను నారింజపండు వలుస్తుంటే, నవ్వనంటే ఒక పాట పాడతానన్నారు. వాళ్ళ అమ్మమ్మ పాడిన జోలపాట. ఆ ఊరు ఇప్పుడు లేదట, పాట తెలిసినవాళ్ళలో తను తప్ప ఎవరూ మిగల్లేదట. అమ్మ పోయాక తనూ నోరు విప్పి పాడలేదు. రేపు సాయంత్రం అందరి ముందూ పాడబోతున్నారు. మనవరాలు నవోమి రికార్డు చేసుకోవడానికి మెల్‌బోర్న్ నుంచి వస్తోంది. రెండుసార్లు పాడి వినిపించారు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న చెవి నాది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు కానీ, రెండోసారికి స్వరాలు వాటంతటవే మనసులో పడిపోయాయి.

ఆ సాయంత్రం శిబిరం నడిపే ఆవిడ మా అందరికీ ఒక సంగతి చెప్పారు. శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా యూదులకు విశ్రాంతి దినం, నిష్ఠగా ఉండేవాళ్ళు స్విచ్చు ముట్టుకోరు. దీపాలూ హీటర్లూ ముందే వేసి ఉంచుతారు. ఏదైనా ఆరిపోతే, వెయ్యమని మనల్ని అడగనూ కూడదు. మహా అయితే, చీకటిగా ఉందే అంటారు. మనమే గ్రహించాలి.

పక్కవాళ్ళు వింతగా విన్నారు. నాకు వింతేముంది? మడి కట్టుకున్న మా అత్తగారు ఇరవయ్యేళ్ళు నాతో అలాగే మాట్లాడారు. నా వైపు చూడకుండా, గోడతో అన్నట్టు, బిందె ఖాళీ అయిందనేవారు. నేను లేచి పరుగెత్తేదాన్ని. దండెం మీది మడిచీరకు నా కొంగు తగిలితే మళ్ళీ తలస్నానం చేసి, ఆ రోజంతా మూతి ముడుచుకునేవారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. నా కడుపులో మంట పోలేదు.

శనివారం భోజనాల దగ్గర రూత్ గారి గ్లాసు ఖాళీగా కనబడింది. మర్యాదకు సీసా అందుకుని వైను పోశాను. ఆవిడ థాంక్స్ చెప్పి, గ్లాసును మెల్లగా పక్కకు జరిపారు. తాగలేదు. కాసేపటికి వేరే సీసా తెప్పించుకున్నారు. కొన్ని రకాల వైను, యూదులు కానివాళ్ళు పోస్తే నిష్ఠాపరులు తాగరని పక్కనున్నావిడ నా చెవిలో చెప్పింది. అంతే. ఇంత దూరం వచ్చినా నా చెయ్యి మైలేనా అనిపించింది. ఆ తెల్లజుట్టు మొహంలో మా అత్తగారు కనబడ్డారు.

భోజనమయ్యాక ఇద్దరం గదికొచ్చాం. గది చల్లబడిపోయి ఉంది. హీటరు ఆపింది నేనే. గదిలోంచి బయటికొస్తే స్విచ్చు ఆపడం పుట్టుకతో వచ్చిన అలవాటు, వద్దని చెప్పినా చెయ్యి ఊరుకోలేదు. అది పొరపాటు. తరవాత చేసింది పొరపాటు కాదు.

ఆవిడ కోటు విప్పకుండానే మంచమ్మీద కూర్చున్నారు.

"ఇక్కడ కాస్త చలిగా ఉంది కదా," అన్నారు.

"అవును. కొండల మీద ఉన్నాం కదా," అన్నాను.

కోటు దగ్గరికి లాక్కుని, "మనం వెళ్ళేటప్పుడు వెచ్చగా ఉండేది," అన్నారు.

"ఎండ పోయింది మరి."

ఆవిడ నా వంక చూశారు. కోపంగా కాదు. "అవును, ఎండ పోయింది," అని దుప్పటి కప్పుకున్నారు.

నాకు అర్థం కాలేదనుకుంటున్నారా? ఆ భవనంలో ఆ మాట నా అంత బాగా అర్థమయ్యేవాళ్ళు ఇంకెవరూ లేరు. నాకూ వణుకు పుడుతోంది. నా కోసం వేసుకున్నానంటే ఆవిడకు ఏ దోషమూ లేదు. స్విచ్చు నా మోచేతి పక్కనే ఉంది. అడగండి చూద్దాం, నోరు తెరిచి ఒక్కసారి అడగండి, అనుకున్నాను. ఎవరితో అన్నాను ఆ మాట? ఈవిడతోనా? కాటికి పోయిన ఆవిడతోనా? శాలువా కప్పుకుని కిందికి వెళ్ళి, ఫైర్‌ప్లేస్ దగ్గర కూర్చుని టీ తాగాను. రుచిగానే ఉంది. అదీ చెప్పాలి కదా. కర్రతో ఆ మెట్లు మళ్ళీ దిగడం ఆవిడ వల్ల కాదని, ఆ రోజు లిఫ్టు మీట కూడా నొక్కరని నాకు తెలుసు.

చీకటిపడ్డాక అందరూ హాల్లో చేరారు. విశ్రాంతి దినం ముగిసిందని గుర్తుగా జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి ఆర్పారు, సుగంధ ద్రవ్యాల డబ్బా అందరూ వాసన చూశారు. నవోమి రికార్డరు పట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. రూత్ గారు లేచి నిలబడి నోరు తెరిచారు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. దగ్గు తెర ఆగలేదు. వచ్చే ఏడాది విందాంలెండి అని ఎవరో అన్నారు. నవోమి రికార్డరు సంచిలో పెట్టేసుకుంది.

ఆదివారం బయల్దేరే ముందు రూత్ గారు నా చెయ్యి పట్టుకుని, గుసగుసగా క్షమాపణ చెప్పారు. వైను సంగతి ముందే చెప్పాల్సిందట, గ్లాసు జరిపినప్పుడు నా మొహం చూశారట, అప్పటినుంచీ బాధపడుతున్నారట. హీటరు ఊసెత్తలేదు. నేను, అయ్యో, దానిదేముంది అన్నాను. పెద్ద మనసున్నదానిలా! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ వసంతంలోనే ఆవిడ పోయారు. అప్పటికే దగ్గుంది, ఎనభై దాటాయి, ఎలాగైనా గొంతు పోయేదేమో అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. పోయేదేమో. ఉండేదేమో కూడా. తెలుసుకునే దారి లేకుండా చేసింది నేనే కదా.

ఇన్నేళ్ళకు మొన్న నవోమి ఫోన్ చేసింది. ఈసారి శిబిరంలో ఒక సాయంత్రం వాళ్ళ బామ్మ పేరు మీద జరుపుతున్నారట. గదిలో తోడున్నారు కదా ఆంటీ, ఏమైనా గుర్తుందా అని అడిగింది. మీ బామ్మ భలే నవ్వేవారు అని చెప్పి పెట్టేశాను. ఆ పాట నా గొంతులో మొదటినుంచి చివరిదాకా ఉంది. కూర తరుగుతుంటే దానంతటది వస్తుంది. ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదో చెప్పాల్సొస్తుందని, ఆ పిల్లకు దక్కాల్సింది దాచుకు కూర్చున్నాను. హీటరు ఒక మధ్యాహ్నం చేసిన తప్పు. ఇది రోజూ చేస్తున్న తప్పు.

నిన్న ఎవరూ లేనప్పుడు ఫోన్లోకి పాడాను. పంపలేదు. ముందు తనతో మాట్లాడాలి. ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు అనుకుని చూసుకున్నాను కూడా. హీటరు సంగతి ముందు చెబుతాను. పాట తరవాతే. పాట ముందిస్తే, ఆ సంతోషంలో పిచ్చిపిల్ల నన్ను క్షమించేస్తుంది.