గడపను మించిన రోడ్డు

2023 వేసవి. కూర్మన్నపాలెంలో మా ఇంటి వసారాయే నా కార్యస్థానం. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన నాటి నుండి అక్కడే అడిగినవారికి అర్జీలు వ్రాసి ఇస్తున్నాను.

సన్యాసమ్మ క్యాంటీనులో వంట చేసి, స్వార్జితంతో ఒక గది ఇల్లు కట్టుకున్న మనిషి. వారి వీధికి కొత్త సిమెంటు రోడ్డు మంజూరైంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే మరొక పొర పోయడం పరిపాటి. అలా పెరిగి పెరిగి రోడ్డు అప్పటికే ఆమె గడపతో సమానమైంది. ఇంకొక పొర పడితే వాన నీటికి ఆమె ఇల్లే పల్లం.

ఆమె అర్జీ కోరి రాగా, అలవాటు ప్రకారం "ప్రస్తుత ప్రతిపాదనను తక్షణమే నిలుపుదల చేయ ప్రార్థన" అని ఆరంభించి వ్రాసి ఇచ్చాను. సంతకాల కోసం వీధంతా తిరిగి, సాయంత్రానికి ఆమె ఒక్కటీ లేకుండా వెనక్కి వచ్చింది. వెంట ఎదురింటి అప్పారావు. ఎత్తుగా మెట్లు కట్టించుకున్న గృహస్థు.

"ఏటి పంతులుగారూ, రోడ్డు ఆపీమని రాసీసినారు? ఇది పోతే మల్లీ ఎవులిత్తారు?"

"నాను రోడ్డొద్దన్నానేటన్నా? తవ్వి ఎయ్యమంతన్నాను. నా మంచం కిందకి నీల్లొత్తే నువ్వొచ్చి తోడతావేటి?"

"తోడతాన్లే సెల్లీ, బకెట్టు నీదే."

"నీకు ఎతుక్కునే పని కూడా ఉండదు. నీల్లమీద తేలతాదిలే."

నవ్వాడే గాని కలం అందుకోలేదు. అతని భయమూ నిరాధారం కాదు. మంజూరైన సొమ్ము గడువులోగా ఖర్చు కాకుంటే వెనక్కి పోతుంది. దానినే కార్యాలయాలలో 'ల్యాప్స్' అంటారు. ఆ కాగితం చించి కొత్తది వ్రాశాను. మొదటి వాక్యం: "మా వీధికి ఈ రోడ్డు కావాలి, ఈ సంవత్సరమే కావాలి." పాత పొర తొలగించే పనిని, అనగా 'డిస్మాంట్లింగ్'ను, ఎస్టిమేటులో చేర్చమన్న కోరిక రెండవ వాక్యం. అప్పారావు రెండుసార్లు చదువుకొని, తొలి సంతకం తానే చేసి, వీధంతా తానే తిప్పాడు.

సోమవారం అధికారులు ప్రజల అర్జీలు స్వయంగా వినే 'గ్రీవెన్స్'కు ముగ్గురమూ వెళ్లాము. అర్జీ చదివి రోడ్ల ఇంజనీరు పెదవి విరిచాడు.

"ఇప్పుడు ఎస్టిమేట్ మార్చడం కష్టమండి. వద్దంటే చెప్పండి, ఆపేస్తాం."

"ఆపొద్దు బాబూ," అంది సన్యాసమ్మ. "తవ్వి ఎయ్యండి. అంతవరకూ నాను ఈ గుమ్మం దిగను."

ఆయన సంతకాలు పరికించి, అప్పారావు వైపు తిరిగాడు. "తొలి సంతకం మీదేనా? మరి మీకొచ్చిన నష్టమేమిటి?"

"నాకేటీ నట్టం లేదు సార్. ఆవిడింట్లోకి నీల్లొత్తాయి."

ఇంజనీరు మరునాడు వచ్చి వీధి చూశాడు. ఎస్టిమేటు మారేసరికి వానలు వచ్చేశాయి. ఆ ఏడు ఆమె నీళ్లు తోడుకోక తప్పలేదు. వానలు వెనుకబట్టాక పాత పొరలన్నీ పెకలించి, గడపకు దిగువగా రోడ్డు వేశారు.

అర్జీకి ప్రథమ పాఠకుడు అధికారి అనుకొనేవాడిని. కాదు, పొరుగువాడు. అతడు సమ్మతించే వాక్యం దొరికేదాకా ఇప్పుడు నేను రెండవ వాక్యం వ్రాయను.